కుట్టి పోయిన దొంగ

నవల మొదలుపెట్టిననాడు అందులో దొంగ ఎవరో నాకే తెలియదు. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, అప్పట్లో ఎవరైనా అడిగితే మాత్రం "అంత ముందే అనుకున్న, జర ఓపిక పట్టుండ్రి" అని పెద్ద రచయిత్రిలా తల ఎగరేసేదాన్ని.

మెదక్‌లో చర్చికి పోయే దారిలో నాకొక చిన్న టైలరింగు దుకాణం ఉంది. జాకెట్లు, లంగాలు కుడతాను, చీరలకు ఫాల్, పీకో వేస్తాను. మిషను మా మామది. పని నేర్పిందీ ఆయనే. ఆయన పోయి మూడేళ్ళయింది. ఇప్పుడు మిషను మీద నేను కూర్చుంటాను, పక్కన చాప మీద మా అత్తమ్మ కూర్చుని హుక్కులు, కాజాలు కుడుతుంది. డెబ్భై దాటినా సూదిలో దారం ఆమే ఎక్కించుకుంటుంది, నన్ను అడగదు. నన్నే కాదు, ఎవరినీ ఏదీ అడగదు. అవసరానికి మించి మాట్లాడదు, అసలే నవ్వదు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఆమె పళ్ళు చూసింది ఒక్కసారే, పన్ను పీకించడానికి దవాఖానకు తీసుకుపోయినప్పుడు. నా సంగతి వేరు. నా నోరు ఊరుకోదు, కోపం ఆగదు, నవ్వొస్తే గల్లీ చివరిదాకా వినిపిస్తుంది. మా ఇద్దరినీ ఒకే దుకాణంలో కూర్చోబెట్టిన దేవుడికి తమాషా ఎక్కువ.

ఫోన్లో కథలు రాసుకునే యాప్ ఒకటుంటే, మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక అందులో రాసేదాన్ని. మొదట సంసారం కథలు రాశాను. ఎవరూ చదవలేదు. సంసారం వాళ్ళిళ్ళల్లోనూ ఉంది, మళ్ళీ నా దగ్గరికొచ్చి చదవడం దేనికి? అందుకని మా ఖిల్లా మీద పడ్డాను. మెదక్ వాళ్ళకు ఖిల్లా అంటే ఆదివారం చుట్టాలొస్తే ఎక్కించి, కోతులకు భయపడుతూ నాలుగు ఫోటోలు దింపి, కిందికి తీసుకొచ్చి మిర్చీలు తినిపించే గుట్ట. ఆ గుట్ట మీద రాజ్యం నడిచిన కాలంలో ఒక ప్రేమకథ పెడదామనుకున్నాను. ప్రేమ ఒక్కటే ఉంటే చప్పగా ఉంటుందని ఒక దొంగతనం కూడా కలిపాను.

ఏం దొంగతనం పెట్టాలో తోచక అత్తమ్మను అడిగాను. "పాతకాలంల బంగారం గాకుండ ఇంకేం విలువైనయి ఉంటుండె అత్తమ్మా?"

ఆమె హుక్కు కుట్టి, దారం పంటితో తెంపి, "పటం" అన్నది.

అని ఊరుకోక, దాని సంగతంతా చెప్పుకొచ్చింది. అంత పొడుగు మాటలు ఆమె నోట వినడం అదే మొదలు. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళకు పటం కథ చెప్పేవాళ్ళు వచ్చేవారట. మూరెడు వెడల్పు, ముప్పై మూరల పొడుగు బట్ట, ఎర్రటి నేల మీద బారుగా బొమ్మలు. రెండు గుంజల మధ్య కట్టి, ఒక్కొక్క బొమ్మే విప్పుకుంటూ, కట్టెతో చూపిస్తూ పాడేవారట. ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి పటం చివికిపోతే కొత్తది రాయిస్తారు. పాతదాన్ని పారేయరు, అమ్మరు, అటక మీద పెట్టరు. చనిపోయిన పెద్దమనిషికి చేసినట్టు పసుపు కుంకుమలతో పూజచేసి, మంజీరకు తీసుకుపోయి, నీళ్ళలో వదిలేస్తారు.

"బొమ్మలకు సుత సావుంటదా?" అన్నాను.

"అందరికుంటది," అని మళ్ళీ హుక్కులలో పడిపోయింది.

నాకు ఇంకేం కావాలి? ఆ రాత్రికే కథ అల్లేశాను. ఖిల్లాలో పటం రాసే చిత్రకారుడి బిడ్డ. ఆమెను ప్రేమించిన ఒక కాపలా సిపాయి. తెల్లవారితే మంజీరకు పోవాల్సిన పాత పటం తాళం వేసిన గదిలోంచి మాయం. నీళ్ళలో కలిసిపోయేదాన్ని ఎవరు దొంగిలిస్తారు, ఎందుకు? ప్రశ్న బాగుంది, జవాబు తర్వాత చూసుకుందామనుకున్నాను.

నవల దుకాణంలో పైకి చదవడం టీచరమ్మ మొదలుపెట్టింది. ఆమె చర్చి దగ్గరే ఉంటుంది, పిల్లలకు చదువు చెబుతుంది, ఆదివారం పాటల బృందంలో పాడుతుంది. గొంతు గంట. క్రిస్మస్ జాకెట్ల కొలతలకని వచ్చి, నా ఫోన్లో కొత్త భాగం కనబడితే అక్కడే నిలబడి, సిపాయికి మగగొంతు, చిత్రకారుడి బిడ్డకు సన్నగొంతు పెట్టి చదివేది. జాకెట్టు కోసం వచ్చినవాళ్ళు జాకెట్టు మరిచిపోయి కూర్చునేవారు. పక్కన కోడిగుడ్లు అమ్మే ఆమె కొట్టు వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడేది. దొంగ ఖిల్లాదారు రెండో పెళ్ళామని టీచరమ్మ అనుమానం. కాదు, ఆ సిపాయి చూపే మంచిది కాదని గుడ్లామె వాదన. ఇద్దరూ నా మీద పడి "చెప్పవే, ఎవలు?" అంటే నేను బాబిన్లో దారం చుట్టుకుంటూ గంభీరంగా ఉండేదాన్ని. అంత సుఖం నాకు పెళ్ళిలో కూడా దొరకలేదు.

అత్తమ్మ మాత్రం తల ఎత్తేది కాదు. కానీ పటం మాయమైన భాగం టీచరమ్మ చదివిననాడు ఆమె వేలికి సూది గుచ్చుకుంది. ఆ వేలికి సూది గుచ్చుకోవడం నేనెప్పుడూ చూడలేదు. మర్నాడు తన సందూకుకు కొత్త తాళం వేయించుకుంది.

ఆ సందూకు మా ఇంట్లో పెద్ద ముచ్చట. తాళంచెవి ఎప్పుడూ ఆమె బొడ్డులోనే. అందులో కంటె ఉందని మా ఆడబిడ్డ, కాసుల దండ ఉందని మా ఆయన. పండక్కి కలిసినప్పుడల్లా అక్కాతమ్ముళ్ళు దానివైపు భక్తిగా చూసేవారు. కొత్త తాళం చూసి మా ఆయన నన్ను అడిగాడు, "ఏం జేసినవే?" అని. నేనేం చేశాను?

నవల నడుస్తూ పోయింది, దొంగ దగ్గరికొచ్చి ఆగింది. ఇక తప్పదనుకుని సిపాయినే దొంగను చేశాను. చిత్రకారుడి బిడ్డకు ఆ పటమంటే ప్రాణం, అందుకని ఆమె కోసం ఎత్తుకుపోయాడు. పట్టుబడ్డాడు. శిక్ష ఏమిటో వచ్చే వారం. టీచరమ్మ చదవడం ముగించి ముక్కు తుడుచుకుంది. గుడ్లామె "నేను జెప్పలే?" అని విర్రవీగింది.

అప్పుడు చాప మీద నుంచి మాట వచ్చింది. "ఏం శిక్ష ఏస్తవు?"

అత్తమ్మ నా కథ గురించి అడగడం! నాకు ఎక్కడలేని ఉత్సాహం పుట్టింది. "ఖిల్లా గోడ మీదికెల్లి తోపిస్త అత్తమ్మా. అందరు ఏడ్వాలె. ఏడిపియ్యకపోతె అదేం నవల?"

ఆమె చేతిలో జాకెట్టు పక్కన పెట్టి, లేచి, చెప్పులేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. సగం హుక్కులే కుట్టి పని వదిలేయడం ఆమె జన్మలో లేదు.

ఆ వారమంతా ఇంట్లో ముద్ద దిగలేదు. నేను అడిగితే జవాబు లేదు. కోపం నా మీదైతే చప్పుళ్ళు గిన్నెల మీద. ఆదివారం దుకాణం మూసి ఇంట్లో ఉన్నాను, మా ఆయన ఆటో తీసుకుని కిరాయికి పోయాడు. అత్తమ్మ వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నిజం జెప్పు. నా సందూకు తెరిచినవా?"

నాకు మంట నెత్తికెక్కింది. "నీ సందూకుల ఏమున్నదని తెరుస్త? నీ బంగారం నాకెందుకు? నా చేతుల కత్తెర ఉన్నది, నా తిండి నేను సంపాదించుకుంటున్న. నన్ను దొంగను జేస్తవా?"

"మరి నీకెట్ల తెలిసింది?"

"ఏం తెలిసింది?"

"పటం దొంగతనం."

"అది నేను కల్పించిన అత్తమ్మా! కథ! ఉత్తదే!"

ఆమె నన్ను తేరిపార చూసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయిందని ఆమెకు అప్పుడర్థమైనట్టుంది. ఇక దాచి లాభం లేదనుకుందో, దాచీ దాచీ అలసిపోయిందో, బొడ్డులోంచి తాళంచెవి తీసింది. సందూకులో మామ పాత ధోతి, దాని మడతల్లో ఒక బట్ట ముక్క. మూరెడు వెడల్పు, జానెడు పొడుగు. ఎరుపు కొంచెం వెలిసింది. అంతే. కంటె లేదు, కాసుల దండ లేదు.

ముక్క మీద ఒక ఆడమనిషి బొమ్మ. రాణి కాదు, దేవత కాదు. కథలో ఎక్కడో మూలన నిలబడే మనిషి. చంకలో కుండ, భుజం మీద చిలుక. పక్కకు తిరిగి పకపకా నవ్వుతోంది. ఆ నవ్వు చూస్తే చూసేవాళ్ళకు కూడా ఊరికే నవ్వొస్తుంది.

అత్తమ్మ చెప్పింది. అప్పుడు వాళ్ళు నిజాంపేట దగ్గరి ఊళ్ళో ఉండేవారు, మామ ఆ ఊరి దర్జీ. ఆమె కొత్తగా కాపురానికి వచ్చింది. ఆ ఏడు పటం కథవాళ్ళు కొత్త పటం రాయించి తెచ్చారు. కొత్త పటం పూజలో ఉంది, కదపకూడదు. దానికి సంచి కుట్టాలి. కొలత కోసమని పాత పటాన్ని ఒక్క పూటకు వీళ్ళింట్లో ఇచ్చిపోయాడు కథ చెప్పే పెద్దాయన. మర్నాడు దాన్ని మంజీరకు తీసుకుపోవాలి. మామ కొలత తీసుకుంటుంటే ఈమె పక్కన కూర్చుని బొమ్మలన్నీ చూసింది.

"కొత్త పటం సుత చూసిన నేను. దాంట్ల గీమె ఉన్నది గని నవ్వుతలేదు. మూతి ముడుసుకొని ఉన్నది. గదే మీ మామతోని అన్న. 'రేపటి సంది గీమె నవ్వుడు ఎవలకు కనవడది' అన్న. గంతే. ఇంకో మాట అన్లే."

ఆ మాట అని ఆమె వంటకు పోయింది. పొద్దున లేచి చూస్తే తన చీరల మడతలో ఈ ముక్క ఉంది. పటం చుట్టగా చుట్టి, కట్టి, పెద్దాయన కోసం సిద్ధంగా గోడకు ఆనించి ఉంది.

"నేను వణికిపోయిన. గిదేంది అంటె, మీ మామ మిషను తొక్కుకుంట, నా మొఖం సూడకుంట ఒక్కటే అన్నడు. 'నీ బొమ్మను నీళ్ళల్ల ఎట్ల ఇడుస్తరే?' అన్నడు."

ఇది చెప్పినప్పుడు ఆమె చెవులు ఎర్రబడ్డాయి. డెబ్భై దాటిన మనిషికి! మామ నాకు గుర్తొచ్చాడు. రోజుకు పది మాటలు మాట్లాడని మనిషి, భోజనంలో ఉప్పు తక్కువైనా చెప్పని మనిషి. ఆయనా ఈ పని చేసింది? నేను రాసిన సిపాయి ప్రేమ డైలాగులన్నీ ఆ ఒక్క మాట ముందు వెలవెలబోయాయి.

"మరి పటం తక్కువైనట్టు వాళ్ళకు తెల్వలేదా?"

"మొత్తం తీసుకోలేదు గదా. నడిమిట్ల గీ ముక్క కోసి, రెండు కొసలు కలిపి కుట్టిండు. సావుకొచ్చిన పటాన్ని మల్ల ఎవలు ఇప్పి చూస్తరని."

నాకు నవ్వాగలేదు. దొంగతనం చేసి, చిరుగు కుట్టి పెట్టిపోయే దొంగ లోకంలో ఇంకెవడైనా ఉంటాడా! దర్జీ బుద్ధి దర్జీదే. కోసిన బట్టను పోగులు తేలేట్టు వదిలేయడం మా మామ వల్ల అయ్యేది కాదు. నాకు పని నేర్పేటప్పుడు కూడా లోపలివైపు ఎవరూ చూడని కుట్టును రెండుసార్లు విప్పించి కుట్టించేవాడు.

నేను నవ్వుతుంటే అత్తమ్మ కళ్ళు తుడుచుకుంది. "నీకు నవ్వుగున్నది. సాగనంపాల్సినదాన్ని మేము ఇంట్ల కట్టేసినం. గాయన పోయేముందు గదే అన్నడు. 'ఎవలది వాళ్ళకు ఇచ్చెయ్యే' అన్నడు. నాకు మనసొప్పలే, ఇయ్యలే. నా కోసం జేసిన పాపం గాయనకు సుట్టుకున్నదేమో. ఆడ ఎట్లున్నడో. నువ్వేమో దొంగను గోడ మీదికెల్లి తోపిస్త అంటివి."

అప్పుడు తెలిసింది ఆ వారం మా ఇంట్లో ఎవరి శిక్ష గురించి అంత మౌనం నడిచిందో. నాకు ఆమె మీద ఒక్కసారిగా ఎంత ప్రేమ పుట్టిందంటే, చేయి పట్టుకుందామనుకుని, అలవాటు లేక, పక్కనున్న చీర మడతపెట్టాను.

"పోయి ఇచ్చేద్దాం పా అత్తమ్మా," అన్నాను. "ఇచ్చేసి తప్పయింది అందాం. ఏమంటరో అననీ."

నిజాంపేట దిక్కున ఆమె పుట్టింటి బంధువులకు ఫోన్ చేస్తే తెలిసింది. కథ చెప్పే పెద్దాయన ఎప్పుడో పోయాడు. మనుమడు రామాయంపేటలో రోడ్డు మీద బండ్లకు నంబరు ప్లేట్లు, స్టిక్కర్లు వేసే దుకాణం పెట్టుకున్నాడు. రెండు రోజుల తర్వాత మేమిద్దరం బస్సెక్కాం. ఆడవాళ్ళకు బస్సులో టికెట్టు లేదు కాబట్టి జనం కిటకిటలాడుతున్నారు. అత్తమ్మ ధోతి మూటను ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో పొదివి పట్టుకుని కూర్చుంది. ఎవరో "ఏమున్నది అవ్వా అండ్ల?" అంటే "పాత బట్ట" అని మూట ఇంకా దగ్గరికి లాక్కుంది.

దుకాణం దొరకడం కష్టం కాలేదు. రోడ్డు పక్కన లారీ ఒకటి ఆగి ఉంది, దాని వెనకాల ఒక మనిషి గొంతుక్కూర్చుని పూలతీగ రాస్తున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. చేతికి, చొక్కాకు, చెవికి కూడా రంగు. కుర్చీలు వేసి "కూసోండ్రి, ఏ బండి?" అన్నాడు.

అత్తమ్మ మోచేత్తో నన్ను పొడిచింది. నేనే మొదలుపెట్టాను. "బండి కాదు తమ్మి. మీ తాత పటం కథ చెప్పేటోడంట గదా?"

"అవునక్కా. నిజాంపేట దిక్కు ఊర్లన్ని మా తాతయే."

"అక్కడ ఒక ఊర్ల, పాత పటం ఏట్లె ఇడిసే ముందుగాల, ఒక దర్జీ ఇంట్ల ఒక పూట పెట్టిండంట."

అతని చేతిలో కుంచె ఆగిపోయింది. నన్ను చూశాడు, అత్తమ్మను చూశాడు, ఆమె ఒళ్ళోని మూటను చూశాడు. అత్తమ్మ తల దించుకుంది. నేను క్షమాపణ మాటలు కూడబలుక్కుంటున్నాను.

"అరే!" అని అరిచాడు అతను. "కుట్టి పోయిన దొంగ! గా ఇంటోళ్ళా మీరు?"

అరిచి ఊరుకోలేదు. దుకాణం వెనక ఇంటి వైపు తిరిగి "ఏమే, జల్ది రా! కుట్టి పోయిన దొంగ ఇంటోళ్ళు వచ్చిండ్రు!" అని పెళ్ళాన్ని పిలిచాడు. ఆమె పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది, ఏదో సినిమావాళ్ళు దిగినట్టు మమ్మల్ని చూసింది. లారీ డ్రైవరు కూడా దిగి వచ్చాడు.

"తెలుసా మీకు?" అన్నాను.

"తెల్వకుంటెట్ల అక్కా! మా ఇంట్ల పటం కథ కంటె గీ కథనే ఎక్కువ చెప్పుకున్నం."

చెప్పడం మొదలుపెట్టగానే మనిషి మారిపోయాడు. కుంచెను కట్టెలా పట్టుకుని, లారీ వెనక తలుపునే పటంలా చూపిస్తూ, గొంతు పెంచి చెప్పాడు. వాళ్ళ తాత మంజీర ఒడ్డున, నీళ్ళలోకి దిగబోయి, ఇన్నేళ్ళు అన్నం పెట్టిన పటాన్ని ఆఖరిసారి కళ్ళనిండా చూసుకుందామని మొత్తం విప్పాడట. నడిమిట్లో వేలికి ఏదో తగిలిందట. చూస్తే సన్నటి కుట్టు. చీమ నడిచినట్టు, ఒకదాని పక్కన ఒకటి. నవ్వే ఆమె లేదు.

"అందరు లబోదిబోమన్నరంట. మా నాయనమ్మ తిట్లు లంకించుకున్నదంట. మా తాత మాత్రం కుట్టును ఇట్ల వేలుతోటి నిమిరి నిమిరి, ఒకటే నవ్వుడంట. 'దొంగ ఎవడో ఎరికే. దర్జోళ్ళ ఇంట్ల కొత్త కోడలున్నది, ఆ పిల్ల నవ్వితె అచ్చం గీ బొమ్మనే' అన్నడంట. పోయి అడుగుదాం పా అంటె మా తాత ఏమన్నడో తెలుసా అవ్వా?"

అత్తమ్మ తల అప్పుడు ఎత్తింది.

"'ఎందుకు అడుగుడు? పటంల అందరు ఏట్లకు పోయిండ్రు. ఒక్క బిడ్డ అత్తగారింటికి కాపురానికి పోయింది. సల్లగ ఉండనీ' అన్నడంట."

అత్తమ్మ ఏడ్చింది. దాచుకోకుండా, కొంగు అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడిపించని నవల నవలే కాదన్నదాన్ని, అక్కడ నంబరు ప్లేట్ల మధ్య కూర్చుని ముక్కు చీదుకున్నాను. ఏడుపే గానీ, అంత సంతోషం నాకు ఎప్పుడూ తెలియదు. ఇన్నేళ్ళు ఒక ఇంట్లో దాచుకున్న భయం, ఇరవై కిలోమీటర్ల దూరంలో ఇంకో ఇంట్లో పండగ ముచ్చటయి కూర్చుంది.

అత్తమ్మ మూట విప్పి బొమ్మను అతని ముందు పెట్టింది. "తీసుకో బిడ్డా. మీదే ఇది."

అతను వంగి చాలాసేపు చూశాడు. తాత చెప్పగా విన్నదే తప్ప చూడడం అదే మొదలు. ముట్టుకోబోయి, చేతికి రంగు ఉందని ఆగాడు. "ఎట్లున్నదో సూడు, మా ఆడివిల్ల," అన్నాడు పెళ్ళాంతో. తర్వాత అత్తమ్మ చేతుల వైపే జరిపాడు. "ఇచ్చిన పిల్లను ఎనుకకు తీసుకుంటరా అవ్వా? ఎక్కడన్న ఉన్నదా?"

అతని పెళ్ళాం అప్పటికే లోపలికి పోయింది. వచ్చేటప్పుడు పళ్ళెంలో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, ఒక ఎర్ర రవికెగుడ్డ. చూడగానే మా ఇద్దరికీ అర్థమైంది. ఒడిబియ్యం. పెళ్ళయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు ఒడిలో పోసేవి.

అత్తమ్మ గభాలున కుర్చీతో సహా వెనక్కి జరిగింది. "నాకు పొయ్యొద్దు బిడ్డా. గాయన లేడు. ముత్తైదువలకే పోస్తరు. నాకు పొయ్యరాదు."

ఆ బెదురు కొత్తది కాదు. మామ పోయిన ఈ మూడేళ్ళలో పేరంటాలకు పిలుపులు ఆగిపోయాయి. పిలిచినా ఆమె పోలేదు. గడప ఇవతల నిలబడి పంపేది నన్నే.

ఆ ఇల్లాలు నింపాదిగా నవ్వింది. "మీకెవలు పోస్తున్నరు అవ్వా? మా ఆడివిల్లకు పోస్తున్న. కాపురానికి పోయిన సంది ఒక్కసారన్న పొయ్యలేదు మేము. మీరు జర ఒడి పట్టుండ్రి, అంతే."

అత్తమ్మ కుర్చీ మళ్ళీ ముందుకు జరుపుకుంది. కొంగు పరుచుకుంది. అందులో బొమ్మను పెట్టుకుంది. ఆ ఇల్లాలు బొమ్మకు బొట్టు పెట్టి, రెండు చేతులా బియ్యం పోసింది. పసుపు బియ్యం నవ్వే ఆమె కాళ్ళ మీదుగా జారి అత్తమ్మ ఒడి నిండింది. అవతల లారీ డ్రైవరు, ఏం జరుగుతోందో తెలియకపోయినా, చెప్పులు విప్పి నిలబడ్డాడు.

తిరుగు బస్సులో ఆమెకు కిటికీ పక్కన సీటు దొరికింది. ఈసారి ఎవరూ అడగకుండానే పక్కనామెకు మూట విప్పి చూపించింది.

ఒడిబియ్యం ఇంటికి తెచ్చాక వండి నలుగురికీ పెట్టాలి. మర్నాడు అత్తమ్మ తెల్లారే లేచి ఆ బియ్యంతో బెల్లం పరమాన్నం వండింది, కుడుకలు సన్నగా తరిగి వేసింది. దుకాణంలోనే విస్తళ్ళు వేశాం. టీచరమ్మ వచ్చింది, గుడ్లామె వచ్చింది, జాకెట్లకు వచ్చినవాళ్ళు కూర్చున్నారు. మిషను పైన, మామ ఫోటో పక్కన, నవ్వే ఆమె బొమ్మను అద్దం ఫ్రేములో పెట్టి తగిలించాం. సందూకు తాళం తీసే ఉంది. బంగారం లేదని తెలిసి ఒక పూట దిగాలుపడిన మా ఆయన కూడా రెండుసార్లు పరమాన్నం పెట్టించుకున్నాడు.

"మరి సిపాయి సంగతేంది?" అన్నది టీచరమ్మ. "తోపిస్తున్నవా, లేదా?"

నేను నోరు తెరిచేలోపు అత్తమ్మ అందుకుంది. "తోసుడు లేదు గీసుడు లేదు. అసలు సిపాయికి కుట్టుడెట్ల వస్తది? దర్జీని జెయ్యి వాణ్ణి. ఖిల్లాల బట్టలెవలు కుడుతుండె మరి? మొదటికెల్లి మార్చి రాయి."

"మొదటికెల్లా? రాసినదంతా?"

"కుట్టు వంకర వోతె ఇప్పవా? ఇది గంతే."

చెప్పి, నా మొహం చూసి, నవ్వింది. నోరంతా తెరిచి, తల పక్కకు వంచి, పకపకా నవ్వింది. టీచరమ్మ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. గుడ్లామె ఆమెను చూసి, గోడ మీది బొమ్మను చూసి, మళ్ళీ ఆమెను చూసింది. అదే వంపు, అవే పళ్ళు.

నాకు ఉక్రోషం వచ్చింది. "ఇంత నవ్వు పెట్టుకొని ఇన్నేండ్లు నా ముందట మొఖం మాడ్చుకొని కూసున్నవా అత్తమ్మా? ఎందుకు?"

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుని, నా విస్తట్లో ఇంకో గరిటె పరమాన్నం వేసింది.

"నవ్వితె దొరికిపోనా?" అన్నది.